మస్తాన్ సార్ తీసిన సగం సినిమా

గూడూరు నిమ్మకాయల మార్కెట్టు ముందు బస్సు ఆగినప్పుడు కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకు సాధారణంగా నిమ్మకాయలే గుర్తొస్తాయి. అది ఆరోగ్యకరమైన లక్షణం. నాకు ఒక చీకటి గది గుర్తొస్తుంది. మొన్న బస్సు అక్కడ పావుగంట నిలిచిపోయింది. ఏరి పారబోసిన కాయలు గోడ పక్కన కుప్పగా పడి, ఎండకు మగ్గి, మగ్గడం దాటి కుళ్ళుతున్నాయి. ఆ పులుపులో ముక్కును గిల్లే ఘాటు ఒకటుంది. ఏళ్ళ తరబడి మూత తీయని ఫిల్ము డబ్బా తెరిస్తే అచ్చం అదే వాసన వస్తుంది. పాత ఫిల్ము పులుస్తుందని చాలామందికి తెలియదు. తెలియకపోయినా వాళ్ళ బతుకులు సజావుగానే సాగుతున్నాయి. పక్కసీటాయన నా ముఖం చూసి, "ఏంది సార్, కళ్ళెంబడి నీళ్ళు?" అన్నాడు. "నిమ్మకాయలు," అన్నాను. నమ్మేశాడు. గూడూరులో ఆ కారణం చెల్లుతుంది.

ఆ డబ్బాలు మస్తాన్ సార్‌వి. ఆయన సొంతమని కాదు. ప్రపంచంలో ఇంకెవరికీ అక్కర్లేదు కాబట్టి ఆయనవి. మనుబోలుకూ గూడూరుకూ మధ్య, హైవే నుంచి కాస్త లోపలికి, ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ఒకటి ఉండేది. ఇప్పుడది ధాన్యం గోడౌను. భవనానికి ఇన్నాళ్ళకు ఒక ప్రయోజనం దొరికిందని గిట్టనివాళ్ళు అంటారు. ముప్పై ఏళ్ళ కిందట నేను అక్కడే చదివాను. డిగ్రీ అయ్యాక ఏం చేయాలో తోచనివాళ్ళం, పిల్లలకు దారి చూపిద్దామని నిశ్చయించుకున్నాం. మస్తాన్ సార్ మాకు తరగతి గది నిర్వహణ చెప్పేవారు. సన్నటి మనిషి. గొంతు మాత్రం ఇద్దరికి సరిపోయేంత. వాళ్ళ నాన్న గూడూరు బజారులో గడియారాలు బాగుచేసేవాడట. ఆ పనితనం కొడుకు వేళ్ళలోకి వచ్చింది. కళాశాల ప్రొజెక్టరు బెల్టు తెగితే పాత సైకిలు ట్యూబును సన్నగా కోసి బెల్టు చేసేవారు. ఆ ప్రొజెక్టరులో చివరికి అసలు కంపెనీ సామాను ఏమైనా మిగిలిందా అన్నది మాలో మాకు చర్చనీయాంశం.

ఆ డబ్బాల్లో ఉన్నవి కొత్త అయ్యవార్లకు తరగతిని ఎలా అదుపులో పెట్టుకోవాలో నేర్పే చిత్రాలు. ఏదో చల్లటి దేశంలో, మా తాతల కాలంలో తీసినవి. నలుపు తెలుపు. ప్రతిదాని కథా ఒకటే: అదే అయ్యవారు, అదే తరగతి, అదే పాఠం, రెండు సార్లు. మొదటి సగంలో ఆయన అన్నీ తప్పులు చేస్తాడు; తరగతి సంతలా తయారవుతుంది. రెండో సగంలో అదే ఉదయం మళ్ళీ మొదలవుతుంది. ఆయన అన్నీ సరిగ్గా చేస్తాడు. పిల్లలు పువ్వుల్లా విచ్చుకుంటారు. లోకంలో ఏ ఉదయమూ రెండోసారి రాదన్న సంగతి ఆ తీసినవాళ్ళకు తట్టినట్టు లేదు. వెనక వినిపించే ఇంగ్లీషు వ్యాఖ్యానం మాకు అర్థం కాదని సార్ దాన్ని నొక్కేసి, ప్రొజెక్టరు పక్కన నిలబడి తానే చెప్పేవారు. తెర మీది దొరకు సుబ్బరామయ్య అని పేరు కూడా పెట్టారు. "అదిగో, మన సుబ్బరామయ్య సార్ వచ్చినాడు. కోటు చూడండబ్బా, ఎట్లా బిగించుకున్నాడో. తనకే ఊపిరాడనోడు పిల్లల్ని ఊపిరి తీసుకోనిస్తాడా?" ఇలా సాగేది. అయితే మా వైపు కరెంటుకు ఒక క్రమశిక్షణ ఉండేది. తప్పు పద్ధతి పూర్తయి, డబ్బా మార్చి, సరైన పద్ధతి మొదలుపెట్టే వేళకు పోయేది. దానితో మా బ్యాచి తప్పు పద్ధతిలో మంచి ప్రావీణ్యం సంపాదించింది.

నేను ఆ రోజుల్లో జోకులు వేసేవాణ్ణి. ఎక్కడ నలుగురు కూర్చుంటే అక్కడ ఒక మాట విసరకపోతే నాకు అన్నం అరిగేది కాదు. ఒక రోజు తెర మీద సుబ్బరామయ్య బోర్డు వైపు తిరిగాడు. వెనకనుంచి కాగితం ఉండ వచ్చి ఆయన బట్టతలకు తగిలింది. నేను చీకట్లోంచి, "గురి బాగుంది సార్, డ్రిల్లు పీరియడ్ కింద మార్కులేసేయండి," అన్నాను. గది పగిలిపోయేలా నవ్వారు. ప్రొజెక్టరు ఆగింది. లైటు వెలిగింది.

"ఎవరయ్యా అది?"

లేచి నిలబడ్డాను.

"బాగుంది. ఇంకోసారి చెప్పు."

చెప్పాను. ఎవరూ నవ్వలేదు. రెండోసారి చెప్పిన జోకు చల్లారిన దోసె లాంటిది. సార్ మాత్రం చాలా మామూలుగా అన్నారు: "మొదటిసారి చెప్పినప్పుడు నలభై మంది నవ్వినారు. ముగ్గురు నవ్వలా. తెర వెలుతురు మొహాల మీద పడతా ఉంటే చూసినా. ఆ ముగ్గురెవరో చెప్పు."

"తెలీదు సార్."

"తెలుసుకో. అయ్యవారి ఉద్యోగం ఆ ముగ్గురితోనయ్యా. నవ్వినోళ్ళు ఎట్లా అయినా బతుకుతారు. కూర్చో."

అంతే. తిట్టలేదు, బయటికి పంపలేదు. ఆ సాయంత్రం నన్నే పిలిచి ప్రొజెక్టరు తుడిపించారు. అలా ఆయనకు శిష్యుణ్ణయ్యాను. ఫిల్ము ఎలా అతకాలో, తెగినచోట ఎంత కోయాలో, పిల్లవాడు అబద్ధం చెబుతున్నప్పుడు ఎందుకు కళ్ళలోకి చూడకూడదో, అన్నీ ఆ గదిలోనే నేర్చుకున్నాను. "అబద్ధం చెప్పేటప్పుడు వాడికి కాస్త చాటు కావాలయ్యా. నువ్వు పక్కకు చూస్తే వాడే నిజానికి వచ్చేస్తాడు," అనేవారు. ఇప్పటికి ఎన్ని వందలసార్లు పక్కకు చూశానో లెక్కలేదు. ఆయన మాట ఒక్కసారీ తప్పలేదు. ఆయన నాకిచ్చినవాటిలో ఇలాంటివి చాలా ఉన్నాయి. కానీ ఈ వ్యాసం వాటి గురించి కాదు. వాటి గురించే అయితే హాయిగా రాసి ఉండేవాణ్ణి.

ఒకసారి మా బ్యాచిలో ఎవరో అడిగారు: "సార్, ఆ బళ్ళో ఇరవై మంది పిల్లలు, మనిషికొక బల్ల. మన బళ్ళో డెబ్బై మంది నేల మీద. ఈ సుబ్బరామయ్యను మన కోట మండలంలో వేస్తే మధ్యాన్నానికి రాజీనామా రాయడా?" సార్ రెండు రోజులు ఆ మాటే నములుతున్నట్టు తిరిగారు. మూడో రోజు వచ్చి, "మన సినిమా మనం తీద్దాం," అన్నారు. మన పిల్లలతో, మన బడిలో, మన మాటల్లో. ఆలస్యంగా వచ్చిన పిల్లను అయ్యవారు ఎలా పలకరించాలి అన్నది అంశం. సముద్రం వైపు ఒక రైతుల ఊళ్ళో బడి చూశారు. అక్కడికి మైలున్నర తూర్పున జాలర్ల పాళెం. పిల్లల్లో సగం ఊరివాళ్ళు, సగం పాళెం వాళ్ళు. గూడూరు నుంచి ఒక పెళ్ళిళ్ళ వీడియో అతన్ని మాట్లాడారు. తలంబ్రాలు పోసే చేతుల్ని దగ్గరగా తీయడంలో అతనికి జిల్లాలో పేరుంది. వచ్చీ రాగానే అడిగాడు: "సార్, మధ్యలో గులాబీ రేకులు రాలేట్టు పెడదామా? అందరూ అడుగుతారు."

"ఈ పిల్లల మీద రాలేవి ఇప్పటికే చాలా ఉండాయి నాయనా," అన్నారు సార్. "గులాబీలొద్దు."

రెండు సగాల్లోనూ అయ్యవారి పాత్ర నాదే. "నన్నెందుకు సార్?" అంటే, "తప్పు పద్ధతి నీకు సహజంగా వస్తుంది. సరైనది నేర్పిస్తా," అన్నారు. ఆలస్యంగా వచ్చే విద్యార్థి పాత్ర హెడ్మాస్టరు గారబ్బాయిది. వాడికి అంతా చెప్పి, రెండుసార్లు చేయించి చూశారు. తప్పు పద్ధతిలో నేను అనవలసిన మాట, "ఇప్పుడా రావడం? బయట నిలబడు." సరైన పద్ధతిలో, "రా, కూర్చో. మూడో లెక్కలో ఉన్నాం." రెండూ కాగితం మీద రాసిచ్చారు. ఉదయం ప్రార్థన అయ్యాక సార్ పిల్లలందరినీ కూర్చోబెట్టి, ఇది నాటకమని, ఈ అయ్యవారు ముందు కోపంగా ఉంటాడని, మధ్యాహ్నం మంచివాడవుతాడని, ఎవరూ బాధపడకూడదని ఓపికగా చెప్పారు. పిల్లలందరికీ చెప్పారు. అంటే ప్రార్థన వేళకు వచ్చిన పిల్లలందరికీ. ఆలస్యంగా వచ్చేవాళ్ళ గురించి సినిమా తీస్తూ, ఆ రోజు నిజంగానే ఎవరైనా ఆలస్యంగా వస్తారేమోనన్న ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. మా ఇద్దరివీ కలిపితే నాలుగు డిగ్రీలు.

కెమెరా తిరుగుతోంది. హెడ్మాస్టరు గారబ్బాయి వరండాలో సిద్ధంగా ఉన్నాడు. నేను బోర్డు దగ్గర లెక్క రాస్తున్నాను. గుమ్మంలో నీడ పడింది. తిరిగి చూస్తే వాడు కాదు. ఐదో తరగతి పిల్ల, కావేరి. ఆ పేరు నాకు తర్వాత తెలిసింది. ఆ ఉదయం పడవలు ఆలస్యంగా ఒడ్డుకొచ్చాయట. అమ్మతో కలిసి గంపలు నింపి మైలున్నర పరుగెత్తుకొచ్చింది. పరికిణీ అంచు తడిసి ఉంది. మోచేతి కింద చేప పొలుసులు రెండు మూడు అతుక్కుని మెరుస్తున్నాయి. రొప్పుతోంది. నా ముందు కాగితం మీది మాట ఉంది, నోట్లో ఇంకో మాట తయారైంది. నాలాంటివాళ్ళకు ఏది ముందొస్తుందో చెప్పనక్కర్లేదు.

"రా తల్లీ, రా," అన్నాను. "నీకంటే ముందే నీ వాసనొచ్చి హాజరు పలికి కూర్చుంది. నువ్వు కూడా లోపలికొస్తే ఇద్దరవుతారు."

ఊరి పిల్లలు ముందు నవ్వారు. ఒక్క క్షణం తర్వాత పాళెం పిల్లలు కూడా నవ్వారు. ఆ ఒక్క క్షణం టేపులో స్పష్టంగా వినిపిస్తుంది. నవ్వకపోతే తమ వంతు వస్తుందని లెక్కవేసుకోవడానికి పిల్లలకు అంతకంటే సమయం పట్టదు. కెమెరా పక్కన సార్ ఆపమన్నట్టు చెయ్యెత్తారు. ఎత్తిన చెయ్యి అక్కడే నిలిచి, మెల్లగా దిగిపోయింది. అంత చక్కగా, అంత నిజంగా, తప్పు పద్ధతి ఆయనకు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? కావేరి ఏడవలేదు. మోచెయ్యి పైకెత్తి, ముక్కు దగ్గర పెట్టుకొని, వాసన చూసుకుంది. చేతులు కనిపిస్తే దగ్గరగా తీయడం వీడియో అతనికి అలవాటు. తీశాడు. తర్వాత ఆ పిల్ల గోడవారగా నడిచి వరస చివర, ఎవరికీ తగలకుండా కూర్చుంది. అప్పుడు టేపులో సార్ గొంతు వినిపిస్తుంది: "బాగుంది. చాలు."

మధ్యాహ్నం ఆ పిల్లతోనే సరైన పద్ధతి తీద్దామన్నారు సార్. అన్నం బెల్లు కొట్టగానే ఆమె దగ్గర కూర్చుని అంతా చెబుతానన్నారు. బెల్లు కొట్టారు. పిల్లలు బయటికి పోయారు. బెల్లు మళ్ళీ కొట్టారు. వచ్చినవాళ్ళలో కావేరి లేదు. వస్తుందేమోనని నాలుగింటిదాకా ఆగాం. వీడియో అతను ఎండ వైపు, గడియారం వైపు మార్చి మార్చి చూసి, "సార్, రేపు నాకు ముహూర్తముండాది," అన్నాడు. సామాను సర్దేశాడు.

మర్నాడు సార్ మోపెడ్ మీద ఇద్దరం పాళెం వెళ్ళాం. కావేరి వాళ్ళమ్మ పోలమ్మ గుడిసె ముందు వల మీద చేపలు ఎండబోస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు. కూర్చోమని మాత్రం ఒక పీట చూపించింది. ఒకటే పీట. ఇద్దరం నిలబడ్డాం.

"అమ్మా, నిన్న బళ్ళో జరిగింది నిజం కాదు," అన్నారు సార్. "అది సినిమా. అయ్యవార్లకు నేర్పించేదానికి తీస్తా ఉండాం. తప్పు ఎట్లా చెయ్యకూడదో చూపించేదానికి..."

"సినిమాలో వాసన రాదు గదా సార్," అంది పోలమ్మ.

నేను ఏదో అనబోయాను. ఆమె నా వైపు చూడకుండానే అంది: "మా వాసన మాకు తెలిసిందే నాయనా. పుట్టినకాడి నుంచి అందులోనే ఉండాం. బిడ్డకే తెలీదు. మీరు చెప్పినారు."

"బిడ్డ యాడుండాదమ్మా? ఒక్కమాట మాట్లాడి పోతాం."

"బోరింగు కాడ. రేత్తిరి నుంచి అదే పని. సబ్బుబిళ్ళ అయిపోయింది, ఇప్పుడు బూడిదతో రుద్దుకుంటా ఉండాది."

మేం వెళ్ళేసరికి బోరింగు దగ్గర తడి మాత్రమే ఉంది. పడవల వెనక పరికిణీ అంచు ఒకటి కదిలి మాయమైంది. ఆ పాళెంలో ఐదు దాటి ఆరో తరగతికి పోయిన ఆడపిల్ల అప్పటికి ఒక్కతీ లేదు. ఈ పిల్ల పోతుందని, లెక్కల్లో చురుకని, బడి అయ్యవారు మాకు తర్వాత చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది.

ఆ తర్వాత సార్ ప్రతి శనివారం పాళెం వెళ్ళేవారు. నేను ఆరు వారాలు ఆయన వెనక మోపెడ్ మీద కూర్చున్నాను. ఏడో వారం జలుబు చేసింది. ఎనిమిదో వారం జలుబు తగ్గింది కానీ వెళ్ళలేదు. తర్వాత పరీక్షలు, తర్వాత ఉద్యోగం. నాకు వచ్చిన బడి ఉదయగిరి వైపు, సముద్రానికి జిల్లాలో వీలైనంత దూరం. అడిగి వేయించుకున్నానని చెప్పడం బాగుండదు. సార్ మాత్రం ఆ పిల్లకు పెళ్ళయ్యేదాకా వెళుతూనే ఉన్నారని విన్నాను. బడిలో ఆమె పేరు రెండేళ్ళు తీసేయనివ్వలేదట. హాజరు పట్టీలో ఆ పేరు ఎదురుగా వరసగా సున్నాలు. ఆయన వెళ్ళి చూసి వచ్చేవారట, ఎవరో పొరపాటున ఒక గీత పెట్టి ఉంటారేమోనన్నట్టు.

టేపును మాత్రం ఆయన దాచలేదు. ఏటా కొత్త బ్యాచికి చూపించేవారు. ఆ సంగతి తెలిసి ఒకసారి కళాశాలకు వెళ్ళి బతిమాలాను.

"చెరిపేయండి సార్."

"చెరిపేస్తే ఆ పిల్ల బడికొస్తుందా?"

"రాదు."

"మరింకెందుకు? నీ మొహం కనపడతా ఉందని బాధా? నా గొంతు కూడా ఉందయ్యా అందులో. చివర 'బాగుంది' అన్నది ఎవరనుకుంటుండావు? ఏటా పిల్లలకు అదే చెప్తా. ఈయన ఒక్కడిదే తప్పనుకోవద్దండి, ఆపాల్సినోడు పక్కనే నిలబడి బాగుందన్నాడు అని."

ఆ విధంగా నెల్లూరు జిల్లా విద్యాశాఖలో నాకు కొంత గుర్తింపు వచ్చింది. సమావేశాలకు వెళితే కుర్ర అయ్యవార్లు నన్ను చూసి మోచేతులతో పొడుచుకునేవారు. కొందరు నన్ను 'హాజరు సార్' అనేవారు. నేను వేసిన జోకులన్నిటిలో కలకాలం నిలిచింది అదొక్కటే. ఉదయగిరిలో నా తరగతిలో నేను నవ్వించలేదు. నోరు తెరిచేముందు ఆ మోచెయ్యి కనిపించేది. నోరు మూసుకునేవాణ్ణి. నా దగ్గర చదివిన పిల్లలు నన్ను మంచి అయ్యవారనే అంటారు. సరదా మనిషి అని ఒక్కరూ అనరు. మా ఇంట్లోవాళ్ళకు ఇది నమ్మశక్యం కాదు.

నెల్లూరులో ఒక శిక్షణ శిబిరంలో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక కుర్రవాడు పళ్ళెంతో సహా నా దగ్గరికొచ్చాడు. "అన్నా, మీ డైలాగు సూపరన్నా. మా బళ్ళో నేను అదే కొడతా ఉంటా. మా కాడ గొర్రెలోళ్ళ పిల్లలుండారు. పడి పడి నవ్వుతారన్నా తరగతంతా." అతని పళ్ళెంలో పెరుగన్నం చాలా తెల్లగా ఉందని మాత్రం గుర్తుంది. ఆ సాయంత్రం సార్‌కు ఫోను చేశాను. అప్పటికి ఆయన రిటైరయ్యే ఏడాది. ఎందుకు చెప్పానో నాకు తెలియదు. చెప్పిన తీరు మాత్రం తెలుసు. "సార్, శుభవార్త. మన సినిమా జనంలోకి వెళ్ళింది. తప్పు పద్ధతిని కుర్ర అయ్యవార్లు కంఠతా పట్టి బళ్ళల్లో వాడుతున్నారు. రెండో భాగం లేదు కదా, ఇదే పద్ధతనుకుంటున్నారు," అన్నాను. "అట్నా," అన్నారు. ఆ టేపును ఆయన మళ్ళీ ఎవరికీ చూపించలేదని తర్వాత తెలిసింది. నాకు జోకు ఆపుకోవడం వచ్చేసిందని, ఒక్క తరగతి గదిలోనే కాదు ఎక్కడైనా వచ్చేసిందని, అప్పటిదాకా అనుకునేవాణ్ణి.

ఆయన్ను చివరిసారి చూసింది నెల్లూరు ఆసుపత్రిలో. మంచం ఆయనకు చాలా పెద్దదిగా కనిపించింది. గొంతు మాత్రం ఒక మనిషికి సరిపడా మిగిలింది.

"తరగతిలో నవ్విస్తుండావా?" అన్నారు.

"లేదు సార్. ముప్పై ఏళ్ళుగా ఎవరూ నవ్వలేదు." ఆయన సంతోషిస్తారనుకున్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నారు. "అదీ తప్పేనయ్యా. రెండో సగంలో సుబ్బరామయ్య పిల్లల్ని ఎంత నవ్విస్తాడు. తన మీద తనే జోకు వేసుకొని నవ్విస్తాడు. నువ్వు చూసినావు గదా?"

"కరెంటు పోయింది సార్."

ఆయన పెదవులు కొంచెం కదిలాయి. నవ్వే అయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. కొంతసేపటికి, "కావేరి దగ్గరికి పోయినావా ఎప్పుడన్నా?" అన్నారు. లేదన్నాను. ఆయన 'పో' అనలేదు. అని ఉంటే బాగుండేది; చెప్పారు కాబట్టి వెళ్ళానని అనుకునేవాణ్ణి. పది రోజులకు ఆయన పోయారు.

పోయిన నెల వెళ్ళాను. పాళెంలో ఇప్పుడు కాంక్రీటు ఇళ్ళు వచ్చాయి. కావేరి ఎక్కడని అడిగితే ఒడ్డు వైపు చూపించారు. నలభై ఏళ్ళ మనిషి. ఒడ్డుకు లాగిన పడవ పక్కన నిలబడి వలలోంచి చేపలు విడదీస్తోంది. సార్ పోయారని చెప్పడానికొచ్చానన్నాను.

"సాయిబు సారా? అయ్యో పాపం," అంది. చేతిలో పని ఆపి నాలుగడుగులు పక్కకు జరిగి నిలబడింది. "ఎన్నేళ్ళొచ్చినాడు సార్ ఆయన. నేను కనపడేదాన్ని కాదు. మాయమ్మ కాడ చేపలు కొనుక్కొని పోయేవాడు. ముక్కు కాడ పెట్టుకొని 'ఎంత మంచి వాసనమ్మా' అనేవాడు గట్టిగా, పాళెమంతా వినపడేట్టు. ఆయన చేపలు తినడంట. శానా నాళ్ళకు తెలిసింది మాకు."

నేను ఎవరో చెప్పాలని ఆమె వైపు రెండడుగులు వేశాను. ఆమె పడవ చుట్టూ తిరిగి అటువైపు నిలబడింది. నీడ కోసమనుకున్నాను.

"కావేరమ్మా, ఆ రోజు బళ్ళో..."

"తెలుసు సార్. మీరు ఆటో దిగతానే గుర్తుపట్టినా." ఆమె గొంతులో ఏమీ లేదు; కోపం కూడా లేదు. ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. "వదిలేయండి సార్. చిన్నప్పటిది. ఇదేందో కాస్త చదివి పెట్టండి, మా వాళ్ళెవరూ లేరు." ఫోనును కొంగుతో రెండుసార్లు తుడిచి, నా చేతికివ్వకుండా పడవ అంచు మీద పెట్టి వెనక్కు జరిగింది. గ్యాసు సిలిండరు మెసేజీ. చదివి చెప్పాను. "చదువు ఐదు దాకనే గదా," అంది. "ఆ అక్షరాలు కూడా ఉప్పుగాలికి పోయినాయి."

నేను అటూ ఇటూ కదిలాను. నేను కదిలినప్పుడల్లా ఆమె కూడా కదిలింది. మాట్లాడినంతసేపూ అలా ఒకరి చుట్టూ ఒకరం మెల్లగా తిరుగుతూనే ఉన్నాం. నేను ఎంత జరిగినా ఆమె అంతే జరిగి, అంతే దూరంలో, ఎండకు కళ్ళు చిట్లించుకుంటూ నిలబడింది. నీడ ఇటువైపు ఉంది. ఆమె ఒక్కసారీ ఇటు రాలేదు.

ఆటోలో తిరిగొస్తుంటే సముద్రపు గాలి వీపుకు తగిలింది. అప్పుడు తెలిసింది. ఆమె చూసుకున్నది నీడ కాదు, గాలి. సముద్రం మీంచి వచ్చే గాలి నన్ను దాటి ఆమెను చేరాలే తప్ప, ఆమెను దాటి నన్ను చేరకూడదు. ఆ ఏర్పాటు ఆమె ఆలోచించి చేసింది కాదు. తప్పుకునేటప్పుడు మాట తడబడలేదు, చూపు తిప్పుకోలేదు. ముప్పై ఏళ్ళుగా ఎవరితో మాట్లాడినా కాళ్ళు వాటంతటవే వెతుక్కునే చోటు అది. సార్ నాకు నేర్పినవి చాలా ఉన్నాయి, అవన్నీ నాతోనే ఉన్నాయి. నేను ఆమెకు నేర్పింది ఒక్కటే. నా శిష్యుల్లో నేర్పినదాన్ని ఇంత శ్రద్ధగా, ఒక్కరోజు మానకుండా పాటించినవాళ్ళు ఇంకెవరూ లేరు.